పాత మోటారు సైకిళ్ల ఫిట్‌నెస్ పరీక్ష – విశ్వసనీయత (నంద్యాల, ఆళ్లగడ్డ, శ్రీశైలం ప్రాంతం)

పదిహేనేళ్లు నిండిన సొంత మోటారు సైకిలు రిజిస్ట్రేషన్ పొడిగించే ముందు రవాణా శాఖ చేసే తనిఖీని జనం వాడుకలో ‘ఎఫ్‌సీ’ అంటారు. చట్ట ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (56వ సెక్షను) రవాణా వాహనాలకు సంబంధించింది. సొంత బండికి వర్తించేది 1988 మోటారు వాహనాల చట్టం 41వ సెక్షను. 1989 జులై 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టం రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్ల గడువు పెట్టి, ఆ తర్వాత ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోనిచ్చింది. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ పదిహేనేళ్లను బండి తయారైన నెల నుంచి లెక్కగట్టాలనేవారు ఉన్నారు. సెక్షను మాత్రం సర్టిఫికెట్ జారీ తేదీనే చెబుతోంది కాబట్టి అదే సరైన లెక్క. పదిహేనేళ్లు దాటిన బండి రోడ్డెక్కకూడదన్న మాటకు మూలం ఢిల్లీ ప్రాంతానికి పరిమితమైన ఆంక్షలూ, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లను 2023 ఏప్రిల్ 1 నుంచి నిలిపేసిన కేంద్ర నిబంధనా కావచ్చు. సొంత ద్విచక్ర వాహనానికి ఇక్కడ అలాంటి నిషేధం లేదు. పొడిగింపు రుసుమును మాత్రం 2022 ఏప్రిల్ 1 నుంచి 300 రూపాయల నుంచి 1,000కి పెంచారు. హరిత పన్ను దీనికి అదనం.

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినా, ఇక్కడ పరీక్షకు వచ్చే పాత బండ్ల నంబర్లు ఎక్కువగా కర్నూలు నాటి ఏపీ 21 వరుసవే. పల్లెల్లో ఇంకా తిరుగుతున్న వాటిలో హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్, టీవీఎస్ మోపెడ్లు, అక్కడక్కడ రాజ్‌దూత్, యమహా ఆర్ఎక్స్ 100 కనిపిస్తాయి. ఆర్ఎక్స్ 100 తయారీ 1985లో మొదలై 1996లో ఆగిందన్నది ఎక్కువ మంది ఒప్పుకునే లెక్క. మొదటి బండ్లను జపాన్ విడిభాగాలతో కూర్చారన్న దానిపై పెద్దగా పేచీ లేదు. అది ఏ సంవత్సరం వరకు సాగిందన్న దానిపైనే మెకానిక్కుల మాటలు కలవవు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు (మోటారు వాహనాల తనిఖీ అధికారిని జనం పిలిచే పేరు) మొదట చూసేది ఛాసిస్, ఇంజన్ నంబర్లు. స్ప్లెండర్‌లో ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద స్టీరింగ్ గొట్టం మీద ఉంటుంది. తుప్పు గీకి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తారు. పరీక్ష మొత్తంలో అన్నిటికన్నా నమ్మదగిన భాగం ఇదే. లైట్లు, హారను, ఇండికేటర్లు, టైర్ల తనిఖీ కూడా సాధారణంగా నిక్కచ్చిగానే జరుగుతుంది. టైరు గాడి లోతు ద్విచక్ర వాహనానికి కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. హెడ్‌లైటు విషయంలో చిన్న మెలిక ఉంది. పాత బండ్లు చాలావాటిలో దానికి కరెంటు నేరుగా మాగ్నెటో నుంచి వస్తుంది. యాక్సిలరేటర్ తిప్పి చూపిస్తే నిండుగా వెలిగే దీపం, మలుపులో వేగం తగ్గగానే ఎర్రబారుతుంది.

బ్రేకుల దగ్గరే పరీక్ష బలహీనం. వెనక డ్రమ్ము బయట, బ్రేకు చేతికి ఆనుకుని బాణం గుర్తు ఒకటి ఉంటుంది. పెడల్ నొక్కినప్పుడు అది ప్లేటు మీది గీతను చేరిందంటే లైనర్లు అరిగిపోయినట్టే. కడ్డీ చివర ఉన్న నట్టును నాలుగు చుట్లు బిగిస్తే పెడల్ గట్టిపడి, ఆవరణలో చేసే కొద్దిపాటి పరుగులో బండి చక్కగా ఆగుతుంది. బాణం మాత్రం గీత దగ్గరే ఉంటుంది. పెడల్ కన్నా ఆ బాణాన్ని చూసే అధికారి ఇచ్చిన ఫలితానికే విలువ ఎక్కువ.

ఈ తేడా శ్రీశైలం దారిలో బయటపడుతుంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు 40వ జాతీయ రహదారి దాదాపు చదును. ఆత్మకూరు మీదుగా దోర్నాల చేరాక, నల్లమలలో దాదాపు 50 కిలోమీటర్లు ఘాట్ రోడ్డే. సున్నిపెంట దాటి లింగాలగట్టు దగ్గర కృష్ణకు దిగే మలుపుల్లో ఇద్దరు మనుషులు, సంచులతో దిగే బండి డ్రమ్ములు కాలిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు పట్టిన లైనర్లు వేడెక్కాక జారతాయి. టూ స్ట్రోక్ బండికి ఇంజన్ అడ్డుకట్ట తక్కువ కాబట్టి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. పైగా పెట్రోలులోనే ఆయిలు కలుపుకునే రాజ్‌దూత్ లాంటి బండిని యాక్సిలరేటర్ మూసి దించితే పిస్టన్‌కు ఆయిలు కూడా సరిగా అందదు. స్టీరింగ్ కోన్‌సెట్, స్వింగ్ ఆర్మ్ బుష్‌ల ఆటను ముందు చక్రం పైకెత్తి, వెనక చక్రాన్ని పక్కలకు ఊపి చూస్తేనే పట్టుకోగలం. రద్దీ రోజుల్లో దీనికి తీరిక దొరకడం అరుదు.

పొగ పరీక్షకు అంకెలున్నాయి. 2000 మార్చి 31 లోపు తయారైన ద్విచక్ర వాహనానికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాటకూడదు. ఆ తర్వాతి వాటికి 3.5 శాతంతో పాటు టూ స్ట్రోక్‌కు 6,000, ఫోర్ స్ట్రోక్‌కు 4,500 పీపీఎం హద్దు. ఈ కొలతంతా ఐడిల్‌లో నిలబెట్టి తీసేదే. కార్బురేటర్ గాలి స్క్రూ తిప్పి నెగ్గవచ్చు.

బ్రిటన్‌లో మోటారు సైకిలుకు మూడేళ్ల తర్వాత ఏటా పరీక్ష ఉంది. ఫ్రాన్స్ 2024 ఏప్రిల్ 15న మొదలుపెట్టింది. మన దగ్గర మొదటి పదిహేనేళ్లు పరీక్షే లేదు, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి. ఒక్క ఘాట్ సీజనులోనే అరిగిపోగల లైనర్లకు ఐదేళ్ల భరోసా ఇవ్వడం ఏ అధికారి వల్లా కాదు. అసలు లోపం తనిఖీ చేసే మనిషిలో కన్నా ఈ వ్యవధిలోనే ఉందనడం సబబు.

2021 సెప్టెంబరులో కేంద్రం ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నియమాలు తెచ్చింది. రోలర్ల మీద చక్రం తిప్పి బ్రేకు బలాన్ని యంత్రంతో కొలిస్తే నట్టు బిగించిన మాయ చాలావరకు తేలుతుంది. అయితే ఆ యంత్రం కొలిచేది కూడా చల్లని డ్రమ్మునే.