మూడుసార్లు పిలిచిన పేరు

1861 మార్చి 16. ఆస్టిన్‌లోని టెక్సస్ శాసనభవనం కిక్కిరిసిపోయి ఉంది. గవర్నరు వచ్చి కొత్త ప్రభుత్వానికి విధేయుణ్నని ప్రమాణం చేయాలి. శామ్ హ్యూస్టన్ అని పేరు పిలిచారు. పలకలేదు. మళ్లీ పిలిచారు. మూడోసారి కూడా పిలిచి చూశారు. ఆ సమయానికి ఆయన అదే భవనం నేలమాళిగలో కూర్చుని చాకుతో పైన్ కర్రముక్క చెక్కుకుంటున్నాడని టెక్సస్‌లో తరతరాలుగా చెప్పుకుంటారు. చివరికి గవర్నరు పదవి ఖాళీ అయినట్టు ప్రకటించి, లెఫ్టినెంట్ గవర్నరు ఎడ్వర్డ్ క్లార్క్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు.

హ్యూస్టన్ అంటే మనవాళ్లకు ఊరి పేరు. కేటీ, షుగర్‌ల్యాండ్‌లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు డాలస్‌కు కారులో పోతుంటే హంట్స్‌విల్ దగ్గర రోడ్డు పక్కన చేతికర్రతో ఓ బ్రహ్మాండమైన తెల్లటి విగ్రహం కనిపిస్తుంది. ఆ మనిషే ఈయన. బతికుండగా ఆయన ఆఖరి మకాం అదే ఊళ్లో ఒక అద్దె ఇల్లు.

ప్రజల ఓటుతో రెండు వేర్వేరు రాష్ట్రాలకు గవర్నరైన మనిషి అమెరికా చరిత్రలో ఈయనొక్కడే. రెండుచోట్లా గడువు నిండకుండానే కుర్చీ దిగాడు. మొదటిది టెన్నెసీ. 1827లో గెలిచాడు, 1829 జనవరిలో ఎలైజా ఆలెన్‌ను పెళ్లాడాడు. మూడు నెలలైనా తిరక్కముందే ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. ఎందుకో ఆమె చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. రాజీనామా పడేసి, కుర్రతనంలో తనను చేరదీసిన చెరోకీ తెగవాళ్ల దగ్గరికి పడమరకు పోయి, తాగుడులో పడ్డాడు. చాలామంది కథ అక్కడితో ముగిసిపోయేదే.

ఆయన కథ అక్కడినుంచి లేచింది. 1836 ఏప్రిల్ 21న సాన్ జసింటో దగ్గర మెక్సికో సైన్యాన్ని 18 నిమిషాల్లో చిత్తుచేశాడు. చీలమండలో తూటా దిగింది. టెక్సస్ స్వతంత్ర దేశమైంది, దానికి రెండుసార్లు అధ్యక్షుడయ్యాడు. 1845లో అది అమెరికాలో కలిశాక పదమూడేళ్లు సెనేట్‌లో కూర్చున్నాడు. చిరుతపులి తోలు వెయిస్ట్‌కోటు తొడుక్కుని, ఉపన్యాసాలు సాగుతుంటే కర్రముక్కలు చెక్కుతూ ఉండేవాడట.

పతనానికి విత్తనం అక్కడే పడింది. బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనిచ్చే కాన్సస్-నెబ్రాస్కా బిల్లుకు 1854లో వ్యతిరేకంగా ఓటు వేశాడు. దక్షిణాది మండిపడింది. ఇక సెనేట్‌కు మళ్లీ పంపరని అర్థమై, 1857లో టెక్సస్ గవర్నరు పదవికి నిలబడ్డాడు. నాగళ్లు అమ్ముకునే ఏజెంటు బగ్గీ ఎక్కి, అరవై నాలుగేళ్ల వయసులో, మండుటెండలో ఊరూరా తిరిగాడు. హార్డిన్ రన్నెల్స్ చేతిలో ఓడాడు. రెండేళ్లకు అదే రన్నెల్స్ మీద మళ్లీ నిలబడి, నాకొగ్డోచెస్‌లో ఒకే ఒక్క ప్రసంగం చేసి గెలిచాడు. ఈ గెలుపును సమైక్యతకు జనం వేసిన ముద్ర అని కొందరు రాస్తారు. నాకంత నమ్మకం లేదు. సరిహద్దుల్లో కొమాంచీ తెగవాళ్ల దాడులను ఆపలేకపోయాడని రన్నెల్స్ మీద జనానికి కోపం. ఆ ఓట్లు హ్యూస్టన్‌కు పడ్డాయి గానీ, ఆయన మాటకు పడలేదు. ఆ సంగతి ఏడాదిన్నరలోనే తేలిపోయింది.

1860 నవంబరులో, బానిసత్వ విస్తరణను వ్యతిరేకించే లింకన్ అమెరికా అధ్యక్షుడిగా గెలిచాడు. అమెరికానుంచి విడిపోవాలనే వేర్పాటువాదులు శాసనసభను పిలవమన్నారు, గవర్నరు నాన్చాడు. వాళ్లు ఆయన్ని పక్కనపెట్టి సొంతంగా మహాసభకు ఎన్నికలు పెట్టుకున్నారు. ఫిబ్రవరి 1న 166 మంది విడిపోదామన్నారు, 8 మంది కాదన్నారు. ఫిబ్రవరి 23న జనాన్ని అడిగితే, వాళ్లూ ఒకటికి మూడు చొప్పున సరేనన్నారు.

జనం ఓటును హ్యూస్టన్ కాదనలేదు. సరే, విడిపోయాం, మళ్లీ పాత టెక్సస్ దేశంగా ఉందాం, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీలో కలవమని జనం చెప్పలేదు కదా అన్నాడు. లాయరు వాదనే, కానీ దానికోసం కుర్చీ వదులుకున్నాడు. ప్రమాణం తప్పదన్న ముందురాత్రి నిద్రపోకుండా మేడమీద గదిలో పచార్లు చేసి, తెల్లవారాక భార్య మార్గరెట్‌తో తాను ఆ పని చేయనని చెప్పాడని ఇంట్లోవాళ్లు చెప్పుకున్నారు. ఇంకో దారి ఉండింది. పదవి నిలబెట్టుకోవడానికి సైన్యాన్ని పంపుతానని లింకన్ కబురు పెట్టాడు. హ్యూస్టన్ దగ్గరి మిత్రులతో మాట్లాడి, ఆ ఉత్తరాన్ని నిప్పుల్లో వేశాడంటారు. తనకు ఓటేసినవాళ్ల మీదికి తుపాకులు తెచ్చి గవర్నరుగా ఉండటం ఆయనవల్ల కాలేదు.

ఏప్రిల్‌లో గాల్వెస్టన్‌లో జనం ముందు నిలబడి, ఉత్తరాదివాళ్లు కదలడానికి ఆలస్యం చేస్తారేమోగానీ కదిలాక ఆగరని, మీ బిడ్డలూ ఆస్తులూ పోతాయని హెచ్చరించాడు. వినలేదు. సొంత కొడుకే వినలేదు. కాన్ఫెడరేట్ సైన్యంలో చేరి, 1862లో షైలో యుద్ధంలో గాయపడి, శత్రువులకు చిక్కి, కొన్ని నెలల తర్వాత ఇంటికి చేరాడు.

అయితే ఆయన్ని బానిసల పక్షాన నిలిచిన మహానుభావుడిగా చూపిస్తే అబద్ధమవుతుంది. వేర్పాటును ఎదిరించిన ఆ చేతికింద చివరిదాకా బానిసలున్నారు. దేశం ముక్కలు కావడం ఆయనకు ఒప్పలేదు, అంతవరకే.

1863 జులై 26న హంట్స్‌విల్‌లోని ఆ అద్దె ఇంట్లో న్యుమోనియాతో పోయాడు. ఆఖరు మాటల్లో టెక్సస్ పేరూ మార్గరెట్ పేరూ వినిపించాయట. ఆయన కుర్చీలో కూర్చున్న క్లార్క్ 1861 ఆగస్టు ఎన్నికల్లోనే 124 ఓట్ల తేడాతో ఫ్రాన్సిస్ లబ్బక్‌కు ఓడిపోయాడు. లబ్బక్ తర్వాత వచ్చిన పెండిల్టన్ మర్రా, కాన్ఫెడరసీ కూలిపోగానే మెక్సికోకు పారిపోయి 1865లో మాంటెరేలో చనిపోయాడు.