కెర్నల్‌కు నిద్ర నేర్పిన కథ

అండమాన్ నికోబార్ దీవుల చుట్టుపట్ల, బంగాళాఖాతం అడుగున, నీటి ఒత్తిడిని కొలిచే పెట్టెలు కొన్ని ఉన్నాయి. సునామీ అల పైనుంచి పోతుంటే పసిగట్టడం వాటి పని. అక్కడికి కరెంటు తీగ రాదు, ఎండ చేరదు. బ్యాటరీ అయిపోతే ఓడలో వెళ్లి పెట్టెను పైకి తేవాలి. అందుకే అలాంటి యంత్రంలోని కంప్యూటర్‌కు లెక్కల కంటే ముందు పడుకోవడం నేర్పాలి. ఆ చదువు మొదలై అరవై ఏళ్లయింది.

తొలి పాఠం చంద్రుడి దారిలోది. 1960ల్లో ఎంఐటీ రూపొందించిన అపోలో కంప్యూటర్ దాదాపు 70 వాట్లు తినేది. పనిలేనప్పుడు గడియారాన్ని మాత్రం నడవనిచ్చి మిగతాదాన్ని ఆర్పే స్టాండ్‌బై ఏర్పాటు అందులో పెట్టారు. ప్రతి 1.28 సెకన్లకు ఆ గడియారమే తట్టి లేపేది. తీరా ప్రయాణాల్లో దాని అవసరమే రాలేదంటారు. అయినా నిద్రపుచ్చే ముందు లేపేవాణ్ని నియమించాలన్న సూత్రం అప్పుడే స్థిరపడింది.

1978లో వచ్చిన ఇంటెల్ 8086లో ‘హాల్ట్’ అనే ఆజ్ఞ ఉంది. అదిస్తే ఇంటరప్ట్, అంటే పని వచ్చిందని తట్టే సంకేతం, వచ్చేదాకా ప్రాసెసర్ ఆగిపోతుంది. ఆజ్ఞ ఉంది గానీ ఇచ్చే నాథుడే లేడు. డాస్ రోజుల్లో మీరు కీ నొక్కేదాకా ప్రాసెసర్ ఊరికే గిరగిరా తిరుగుతుండేది. కరెంటు గోడలోంచి వస్తుంటే ఎవరికి పట్టింది? ల్యాప్‌టాప్‌లతో పట్టింపు మొదలైంది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం అనే ప్రమాణంలో కరెంటు పెత్తనమంతా కంప్యూటర్‌ను మొదలుపెట్టే బయోస్‌దే. 1996లో తోషిబానూ కలుపుకుని తెచ్చిన ఏసీపీఐ ఆ పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పెట్టింది. నన్నడిగితే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ చేసే పవర్ మేనేజ్‌మెంట్‌కు అసలు పుట్టినరోజు అదే. ఏ పని ఎప్పుడు రాబోతోందో తెలిసేది కెర్నల్‌కే మరి.

ఈలోగా 1994లో జిరాక్స్ పార్క్‌లో మార్క్ వైజర్ బృందం ఇంకో దారి చూపింది: పరుగెత్తి ఆగడం కంటే మెల్లగా నడవడం మేలు. కానీ వేగం ఒక్కటే తగ్గిస్తే లాభం లేదు, పని అంతసేపు సాగుతుంది. వోల్టేజీ కూడా తగ్గించాలి, ఎందుకంటే ఖర్చు దాని వర్గాన్ని బట్టి ఉంటుంది.

చిన్న యంత్రాలకు అసలు శత్రువు టిక్. కెర్నల్ కాలం లెక్కపెట్టుకోవడానికి టైమర్ సెకనుకు వందసార్లో వెయ్యిసార్లో ఇంటరప్ట్ ఇచ్చేది. చేయడానికి ఏ పనీ లేకపోయినా లేవాల్సిందే, లేదని చూసుకుని మళ్లీ పడుకోవాల్సిందే. 2007 ఏప్రిల్‌లో వచ్చిన లినక్స్ 2.6.21 ఈ తద్దినం వదిలించింది: తర్వాతి పని ఎప్పుడుందో చూసుకుని, సరిగ్గా ఆ వేళకే టైమర్ పెట్టుకుని పడుకోవడం. చిన్న చిప్‌ల మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీఆర్‌టాస్‌కూ తర్వాత ఇదే విద్య అబ్బింది. లినక్స్‌లో 2009 చివర ‘రన్‌టైమ్ పీఎం’ వచ్చాక యంత్రమంతా మెలకువగా ఉన్నా, పనిలేని పరికరాన్ని విడిగా నిద్రపుచ్చడం కుదిరింది.

సముద్రపు పెట్టెలకు పెద్దన్న అమెరికా సంస్థ నోవా చేసిన డార్ట్. 2005లో వచ్చిన దాని రెండో తరంలో మోటరోలా 68332 ప్రాసెసర్ ఉంది, దానికి ‘ఎల్‌పీస్టాప్’ అనే నిద్రాజ్ఞ ఉంది. అడుగున కంప్యూటర్‌కూ ఒత్తిడి కొలతకూ కలిపి 1560 వాట్-అవర్ల బ్యాటరీ. ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దానితో వారం రోజులు వెలుగుతుంది. పెట్టె మాత్రం నాలుగేళ్లు నడవాలి. అంటే సగటున 45 మిల్లీవాట్లు. అందులోనే 15 సెకన్లకొక కొలత, రోజుకు 5760. పాత కొలతలను బట్టి ఇప్పుడు నీరు ఎంతుండాలో అంచనా వేసుకుంటుంది. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అత్యవసర స్థితిలోకి మారి, ధ్వని మోడెమ్‌తో పైనున్న బోయాకు, అక్కడి నుంచి ఉపగ్రహానికి మాటిమాటికీ కబురు పంపుతుంది. లేకపోతే కబుర్లు అరుదు. కబురంటే బ్యాటరీ ఖర్చే.

చిక్కంతా ఇక్కడే ఉంది. దగ్గర్లో భూకంపం వస్తే అడుగు కంపించి, అల లేకపోయినా పెట్టె మేల్కొంటుంది. అండమాన్ దీవులు భూకంపాల గట్టు మీదే ఉన్నాయి. బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందన్నది కోడ్ ఎంత బాగా రాశారన్న దానితో పాటు నేల ఎంత కుదురుగా ఉందన్నదాని మీదా ఆధారపడుతుంది.

2004 డిసెంబరు 26 ఉదయం 6.28కి సుమత్రా దగ్గర భూమి కదిలి సునామీ లేచినప్పుడు మనకీ పెట్టెలు లేవు. ఆ అల మన తూర్పు తీరం చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది, చెప్పేవాళ్లే లేకపోయారు. 2007 అక్టోబరు 15న హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కంపించినా, పలకలు పక్కకు జరగడంతో పెద్ద అల లేవలేదు. సముద్రపు కొలతలు అదే చెప్పాయి, హెచ్చరికలు ఎత్తేశారు.

విశాఖకూ మచిలీపట్నానికీ ఈ పెట్టెలు పెద్ద రక్షణ. నికోబార్‌కు అంత వ్యవధి ఉండదు, అల నిమిషాల్లో వచ్చేస్తుంది. దీవుల్లో ఉన్న మన తెలుగువాళ్లకు చెప్పేదొక్కటే: నిలబడలేనంతగా గానీ, చాలాసేపు గానీ నేల ఊగిందంటే సైరన్ కోసం చూడకండి. వెంటనే ఎత్తైన చోటికి వెళ్లిపోండి.