కనబడని గాయం
శిరోఘాతం, బుద్ధినాశం: ఇస్లామీయ ధర్మశాస్త్రంలోనూ వైద్యచరిత్రలోనూ

తలకు బలమైన దెబ్బ తగిలిన మనిషి కొన్నాళ్లకు లేచి తిరగసాగుతాడు. కుట్లు విప్పుతారు, గాయం మానుతుంది, జుట్టు మొలిచి మచ్చను కప్పివేస్తుంది. కాని ఇంటివారికి మాత్రం మునుపటి మనిషి తిరిగి రాలేదనిపిస్తుంది. శాంతస్వభావుడన్న పేరున్నవాడు చీటికీమాటికీ మండిపడతాడు. లెక్కల్లో దిట్ట అయినవాడు బజారులో చిల్లర సరిచూసుకోలేడు. నమాజులో ఎన్ని రకాతులు చేశాడో గుర్తులేక మళ్లీ మొదలుపెడతాడు. బంధువులలో కొందరు దీన్ని పొగరంటారు. కొందరు గాలి సోకిందంటారు. అది మెదడుకు తగిలిన దెబ్బ తాలూకు శేషమని చెప్పేవారు తక్కువ. కంటికి కనబడే గాయానికి జాలి, కనబడని గాయానికి నింద: ఇదీ లోకరీతి.

కనబడని గాయాన్ని గాయంగా గుర్తించడం ఇటీవలి వైద్యశాస్త్రం నేర్పిన పాఠమని మనలో చాలామంది భావిస్తుంటారు. మన మదరసాలలో తరతరాలుగా బోధించబడుతున్న గ్రంథాలను తెరిచి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. బుద్ధి నశించడం కూడా ఒక గాయమేననీ, దానికి కొలత ఉందనీ, పరిహారం ఉందనీ, చికిత్స ఉందనీ మన పూర్వ ధర్మవేత్తలు, వైద్యులు ఎన్నడో నిర్ణయించారు. వారు సాధించినదేమిటి, వారు దాటలేకపోయిన హద్దు ఏమిటి, ఆ వారసత్వం నేడు మన చేతుల్లో ఏ స్థితిలో ఉంది అన్న మూడు విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫిఖ్హ్ గ్రంథాలలో తలగాయం

హనఫీ ఫిఖ్హ్‌లో ప్రామాణికమైన హిదాయా గ్రంథకర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం హి. 593, క్రీ.శ. 1197) తలకు, ముఖానికి తగిలే గాయాలను పది రకాలుగా విభజించి వివరించారు. చర్మం గీసుకుపోవడం మొదలుకొని, రక్తం కారడం, మాంసం తెగడం, ఎముకపై పొర దాకా దిగడం వరకు ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క పేరుంది. ఎముక బయటపడితే అది మూజిహా; ఎముక విరిగితే హాషిమా; విరిగిన ఎముక స్థానం తప్పితే మునఖ్ఖిలా; గాయం మెదడును కప్పిన పొరను చేరితే ఆమ్మా. అంతకు మించి మెదడునే ఛేదించే గాయానికి దామిగా అని పేరు. అయితే దాని తర్వాత మనిషి సాధారణంగా బ్రతకడు గనుక, దాన్ని గాయాల లెక్కలో గాక ప్రాణహాని లెక్కలో చూశారు.

పొరపాటున జరిగిన ఇలాంటి గాయాలకు పరిహారం కూడా క్రమంగా పెరుగుతుంది. పూర్తి దియా, అనగా ప్రాణానికి చెల్లించే పరిహారం, నూరు ఒంటెలు. మూజిహాకు అయిదు, హాషిమాకు పది, మునఖ్ఖిలాకు పదిహేను, ఆమ్మాకు దియాలో మూడోవంతు. మూజిహా కన్నా చిన్న గాయాలకు న్యాయమూర్తి పరిశీలించి తగిన మొత్తాన్ని నిర్ణయిస్తాడు.

ఇంతవరకు ఇది కంటితో చూసి కొలవగల గాయాల పట్టిక. అసలు విశేషం దీని తర్వాత ఉంది. దెబ్బ వల్ల బుద్ధి నశిస్తే, పైన గాయం ఎంత చిన్నదైనా సరే, పూర్తి దియా చెల్లించాలి. ప్రాణం తీసినవాడు చెల్లించేది ఎంతో, బుద్ధిని తీసినవాడు చెల్లించేదీ అంతే. ఒకే ఒక్క దెబ్బతో ఒక వ్యక్తి బుద్ధి, వినికిడి, మాట వంటి నాలుగు శక్తులను కోల్పోగా, ఆ మనిషి ఇంకా బ్రతికి ఉండగానే హజ్రత్ ఉమర్ (రజి) నాలుగు దియాలు చెల్లించవలసిందిగా తీర్పు చెప్పారన్న ఉల్లేఖనాన్ని ధర్మవేత్తలు ఈ సందర్భంలో ప్రమాణంగా స్వీకరించారు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన చర్చ ఉంది. మూజిహా గాయం చేసిన దెబ్బ వల్లనే బుద్ధి కూడా పోతే, గాయానికి అయిదు ఒంటెలు, బుద్ధికి నూరు ఒంటెలు విడివిడిగా ఇవ్వాలా? కళ్లు పోయిన సందర్భంలో విడివిడిగానే ఇవ్వాలని, బుద్ధి పోయిన సందర్భంలో మాత్రం చిన్న పరిహారం పెద్దదానిలో కలిసిపోతుందని హిదాయా చెబుతుంది. ఇమామ్ జుఫర్ దీనితో ఏకీభవించలేదు. కలిసిపోవడానికి చూపిన కారణం గమనార్హం: బుద్ధి పోతే మిగిలిన అవయవాలన్నిటి ప్రయోజనమూ పోయినట్లే, కావున అది గాయపడి మరణించినవాని స్థితితో సమానం. చేతులు చేతులుగానే ఉన్నాయి, కళ్లు చూస్తూనే ఉన్నాయి. అయినా వాటిని నడిపేది దెబ్బతిన్నది. నేడు మెదడు గాయాల పునరావాస కేంద్రంలో వైద్యుడు రోగి కుటుంబానికి నచ్చజెప్పేది దాదాపు ఇదే మాట.

అరబీలో ‘అఖ్ల్’ అంటే బుద్ధి. ప్రాణ పరిహారానికి కూడా అదే పేరుంది. రెంటికీ మూలార్థం ‘కట్టివేయడం’. బుద్ధి మనిషిని చెడునుంచి కట్టి ఉంచుతుంది. పరిహారంగా తెచ్చిన ఒంటెలను బాధితుని వాకిట కట్టేవారు. ఈ గ్రంథాలను తెలుగులోకి తెచ్చేవారికి ఒకే వాక్యంలో ఈ పదం రెండర్థాలలోనూ ఎదురవడం కద్దు.

అయితే కనబడని గాయాన్ని నిరూపించడమెలా? దొంగవేషం వేసేవారు ఆ రోజుల్లోనూ ఉన్నారు. బాధితుడు తనను ఎవరూ చూడడం లేదనుకున్న సమయంలో అతణ్ణి గమనించాలని షాఫిఈ, హంబలీ గ్రంథాలు సూచించాయి. బుద్ధి తిరిగి వచ్చే అవకాశం ఉందని నిపుణులు చెబితే తీర్పును కొంతకాలం వాయిదా వేయాలన్నాయి. అనగా ఖాజీ తన ఊహపై గాక, పరిశీలనపైనా, విషయం తెలిసినవారి సాక్ష్యంపైనా ఆధారపడవలసి ఉంటుంది.

వైద్యుల గ్రంథాలలో

ఆ విషయం తెలిసినవారు ఎవరు? రయ్, బాగ్దాద్ నగరాల ఆసుపత్రులకు ఆధిపత్యం వహించిన అబూబక్ర్ రాజీ (మరణం హి. 313, క్రీ.శ. 925) వారిలో అగ్రగణ్యుడు. ఆయన జీవితకాలమంతా రాసుకున్న రోగుల వివరాలు, పూర్వవైద్యుల అభిప్రాయాలు ఆయన మరణానంతరం ‘అల్-హావీ’ అన్న మహాసంపుటిగా కూర్చబడ్డాయి. ఈ గ్రంథపు అరబీ మూలాన్ని సంపాదించి, 23 భాగాలుగా అచ్చువేసిన ఘనత మన హైదరాబాదుకే దక్కింది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ 1955లో వెలువరించిన తొలి భాగం తలకు సంబంధించిన వ్యాధుల గురించినదే. ఉన్మాదం, మూర్ఛ, పక్షవాతం, విషాదరోగం అన్నీ అక్కడ శరీరవ్యాధుల వరుసలోనే ఉన్నాయి.

రాజీకి సమకాలికుడైన అబూజైద్ బల్ఖీ (మరణం హి. 322, క్రీ.శ. 934) మరో అడుగు ముందుకు వేశాడు. ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అన్న తన గ్రంథంలో మొదటి భాగాన్ని దేహానికి, రెండో భాగాన్ని మనస్సుకు కేటాయించాడు. కోపం, భయం, దుఃఖం, వస్వసాలకు వేర్వేరు అధ్యాయాలు రాశాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణమేదీ కనబడని దుఃఖం వేరు అనీ, రెండోదాని మూలం శరీరంలో ఉందనీ, దానికి దేహచికిత్స కూడా అవసరమనీ వివరించాడు.

శస్త్రచికిత్సకు వస్తే, అందలూసియాకు చెందిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ (మరణం సుమారు హి. 404, క్రీ.శ. 1013) ‘అత్తస్రీఫ్’ చివరి భాగంలో పుర్రె విరిగినప్పుడు చేయవలసిన పనిని వివరంగా రాశాడు. విరిగిన ఎముక చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు చేసి ముక్కను తొలగించాలి. అయితే బర్మా పొరపాటున లోపలి పొరలోకి దిగిపోకుండా, దాని మొన వెనుక అడ్డుకట్టు ఉండాలి. వేర్వేరు మందాల ఎముకలకు వేర్వేరు బర్మాలు వాడాలి. మెదడు పొరను ఎంత జాగ్రత్తగా కాపాడాలో ఆయన ఎరుగును.

అదే జహ్రావీ, అదే గ్రంథంలో, మూర్ఛకు, విషాదరోగానికి తలపై వాతలు పెట్టే పద్ధతి కూడా రాశాడు. దీన్ని దాచవలసిన పనిలేదు. ఆ కాలపు వైద్యం నాలుగు ధాతువుల సిద్ధాంతంపై నిలిచి ఉంది. వారి ప్రశ్న సరైనది. సమాధానాలలో కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు.

బీమారిస్తాన్లు: వెలుగూ నీడా

దమిష్క్‌లో నూరుద్దీన్ జంగీ క్రీ.శ. 1154లోనూ, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లోనూ నెలకొల్పిన ఆసుపత్రులలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగాలుండేవి. ఖర్చంతా వక్ఫ్ ఆదాయం నుండే. అలెప్పోలో 1354లో కట్టిన అర్గూనీ ఆసుపత్రిలో వారి గదులు, నడుమ నీటి కొలనులు నేటికీ చూడవచ్చు. ఎదిర్నేలో రెండవ బాయజీద్ 1488లో పూర్తి చేసిన ఆసుపత్రిలో రోగుల కోసం సంగీతకారులను నియమించిన సంగతిని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ నమోదు చేశాడు.

ఈ భాగాన్ని చదివి మనం గర్వించడం సహజం. కాని రెండో వైపు కూడా చూడాలి. 1184లో దమిష్క్‌ను దర్శించిన ఇబ్నె జుబైర్, అక్కడి ఉన్మాదులు గొలుసులతో బంధింపబడి ఉండడం చూశాడు. బాగ్దాద్‌ను చూసిన యూదు యాత్రికుడు తుదేలా బెంజమిన్ కూడా గొలుసులను పేర్కొన్నాడు. అయితే ప్రతినెలా అధికారులు వచ్చి పరీక్షించి, బుద్ధి కుదుటపడినవారిని విడిచిపెట్టేవారని కూడా చెప్పాడు. యువకుడిగా ఫాస్ నగరపు ఆసుపత్రిలో లేఖకుడిగా పనిచేసిన హసన్ వజ్జాన్ 16వ శతాబ్దంలో వర్ణించిన దృశ్యం మరింత బాధాకరం. అక్కడ గొలుసుతో పాటు కొరడా కూడా ఉంది.

కాబట్టి గొలుసు పరాయివారు తెచ్చినది కాదు. అది మన ఆసుపత్రులలోనూ ఉండేది. తేడా ఏమిటంటే, ఆ మంచి రోజుల్లో దాని పక్కన వైద్యుడూ, మందూ, నెలవారీ పరీక్షా ఉండేవి. వక్ఫులు క్షీణించి, వైద్యుడు వెళ్లిపోయాక గొలుసు ఒక్కటే మిగిలింది.

ఇరవయ్యో శతాబ్దపు వివాదాలు

పాశ్చాత్యదేశాల చరిత్ర కూడా తడబాటు లేనిదేమీ కాదు. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గపు పనుల మేస్త్రీ ఫినియస్ గేజ్ పుర్రెగుండా ఒక ఇనుపకడ్డీ దూసుకుపోయింది. అతడు బ్రతికాడు, మాట్లాడాడు, దాదాపు 12 ఏళ్లు జీవించాడు; కాని స్వభావం మారిపోయిందని అతని వైద్యుడు రాశాడు. మెదడులోని ఒక భాగానికీ మనిషి నడవడికీ సంబంధం ఉందన్న చర్చ దీనితో ఊపందుకుంది.

ఆ జ్ఞానం వెంటనే మేలు చేయలేదు. 1935లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మానసిక రోగుల మెదడు ముందుభాగపు నరాలను తెగ్గోసే శస్త్రచికిత్స ప్రారంభించాడు. 1949లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా లభించింది. వేలాదిమంది ఆ చికిత్స పొంది, నెమ్మది పేరిట మందబుద్ధులై మిగిలారు. చికిత్స పేరుతో కొత్త గాయం చేయడమే జరిగింది. 1938లో రోములో మొదలైన విద్యుత్ చికిత్సను కూడా తొలినాళ్లలో మత్తు లేకుండానే ఇచ్చేవారు. నేడు మత్తుమందుతో ఇచ్చే ఆ చికిత్స తీవ్ర విషాదరోగంలో ఉపకరిస్తుందని వైద్యులంటారు. జ్ఞాపకశక్తికి కలిగే నష్టంపై వాదం మాత్రం ఇంకా ముగియలేదు.

ఈ చరిత్రలో మన దేశపు యూనానీ సంప్రదాయానికీ ఒక పాత్ర ఉంది. ఉన్మాదానికి పల్లెల్లోనూ హకీముల వద్దనూ వాడుకలో ఉన్న సర్పగంధి వేరును ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ పరిశోధించి, 1931లో దాని సారాంశాలను వేరుచేశారు. ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరిట ‘అజ్మలీన్’ అని నామకరణం చేశారు. అదే సంవత్సరం కలకత్తాలో సేన్, బోస్ అనే వైద్యులు ఆ వేరు ఉన్మాదంలోనూ రక్తపోటులోనూ పనిచేస్తుందని ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని నుండే రెసర్పిన్ వేరుచేయబడింది. అదే ఏడు పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ అన్న మందు మానసిక రోగులపై ప్రయోగించబడి, క్రమంగా అన్నిటినీ వెనక్కి నెట్టింది. హకీముల అనుభవం ప్రయోగశాలలో పరీక్షకు నిలబడినప్పుడు అది లోకానికంతటికీ ఉపయోగపడుతుందని దీనివల్ల తెలుస్తోంది.

ఫుఖహాలు కూడా మౌనంగా లేరు. మెదడు పూర్తిగా నాశనమై, యంత్రం సాయంతో గుండె మాత్రం కొట్టుకుంటున్న మనిషి బ్రతికి ఉన్నట్లా, చనిపోయినట్లా? 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ, మెదడు పనులన్నీ శాశ్వతంగా నిలిచిపోయాయని నిపుణులైన వైద్యులు నిర్ధారిస్తే అది మరణమేనని తీర్మానించింది. మరుసటి ఏడాది మక్కాలో సమావేశమైన ఫిఖ్హ్ మండలి యంత్రాన్ని తొలగించడానికి అనుమతించింది గాని, గుండె, శ్వాస ఆగిన తర్వాతనే మరణంగా పరిగణించాలన్నది. అభిప్రాయాలు వేరైనా ఉభయులూ వైద్యుని మాటను ముందు విన్నారు.

మన బాధ్యత

2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గా సమీపాన ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉన్న రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది మరణించారు. ఆ దర్గాకు అన్ని మతాలవారూ తమ రోగులను తీసుకువచ్చేవారు. కాని ఈ విషాదం విన్న ముస్లింలకు ప్రత్యేకంగా సిగ్గు కలగవలసిన కారణం ఉంది. బుద్ధి పోయినవానిపై షరీఅత్ విధుల భారమే ఎత్తివేసింది; మనవారు అతని కాళ్లకు ఇనుము తగిలించారు. దువా చేయడాన్ని ఎవరూ కాదనరు. రోగానికి మందు వెదకమన్నది కూడా దైవప్రవక్త (సఅసం) ఆదేశమే. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని విడిచిపెట్టే అధికారం మనకు లేదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని ఏ విధంగానూ గొలుసుతో కట్టరాదని నిషేధించింది. మత్తు లేకుండా విద్యుత్ చికిత్స ఇవ్వరాదన్నది. మెదడు శస్త్రచికిత్సకు రోగి సమ్మతితో పాటు బోర్డు అనుమతి కూడా ఉండాలన్నది. ఇవి మన ధర్మశాస్త్రపు ఉద్దేశానికి విరుద్ధం కావు, దానికి దగ్గరివి.

ఇక ఇళ్లలో చేయవలసింది కొంత ఉంది. తలకు దెబ్బ తగిలినవాని కోపం, మరపు, నిద్రలేమి, ఉదాసీనతలను దుర్గుణాలుగా గాక లక్షణాలుగా చూసి వైద్యునికి చెప్పాలి. రోడ్డు ప్రమాదాల పరిహారం విషయంలో, కుట్లు మానగానే ఆసుపత్రి ఖర్చుకు రాజీపడే కుటుంబాలు తమ మనిషి బుద్ధికి జరిగిన నష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండానే సంతకం పెడుతున్నాయి. పూర్వ ధర్మవేత్తలు మాత్రం తొందరపడలేదు. పైగాయాన్ని కొలిచిన తర్వాత, లోపల ఏమి పోయిందో తెలిసేవరకు ఆగమన్నారు. పైగాయానికి అయిదు ఒంటెలు, లోపలి గాయానికి నూరు ఒంటెలు అన్న ఆ లెక్క ఒక్కటి మన ఇళ్లలో గుర్తుంటే, ఎంతోమంది నిందను గాక చికిత్సను పొందగలుగుతారు.