పాత బండ్లకు కొత్త మెరుగులు – అసలు ఏది, నకలు ఏది?

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసి ఇవ్వమని మన సంఘం కార్యవర్గ మిత్రులు కోరారు. కాకతీయుల గురించి రాయగలవారు మన సభ్యుల్లోనే చాలామంది ఉన్నారు. నేను రవాణా శాఖలో గుమాస్తాగా చేరి, ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్ల మధ్య గడిపినవాణ్ణి. ఇంజన్ విప్పడం నాకు రాదు గానీ బండి కాగితాలు చదవడం వచ్చు. అందుకని నాకు తెలిసిన పాత వాహనాల గురించే నాలుగు మాటలు రాస్తున్నాను.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు పెద్దలు. ఇప్పుడా సామెత తిరగబడింది. పెండ్లి ఊరేగింపులకు పాత కార్లు కావాలంటున్నారు. కాలేజీ పిల్లలు తాతల నాటి స్కూటర్లు, జావా మోటారు సైకిళ్లు వెతికి తెచ్చి, రంగులు వేయించి, తళతళలాడిస్తున్నారు. చూడముచ్చటగానే ఉంది. అయితే ఇంజన్ మార్చి, బాడీ మార్చి, సీటు మార్చిన తరువాత అది ఇంకా పాత బండేనా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ‘మిళింద పన్హ’ అనే పాళీ గ్రంథంలో నాగసేనుడనే బౌద్ధ భిక్షువు మిళిందుడనే గ్రీకు రాజును ఇదే విధంగా ఇరకాటంలో పెడతాడు. నీవెక్కి వచ్చిన రథం ఏది, ఇరుసా, చక్రాలా, నొగా అని అడిగితే రాజు దేనికీ అవునని చెప్పలేకపోతాడు. అన్నీ కూడిన దానికే రథమని పేరు అని చివరికి తేలుతుంది. వేదాంతానికి ఆ జవాబు సరిపోతుంది. రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర సరిపోదు. ఇది ఏ రథమో అక్కడ నంబరుతో సహా తేల్చాలి.

రెండు హైదరాబాదు బండ్లు

మన ప్రాంతపు పాత వాహనాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బాగా బోధపడుతుంది.

మొదటిది నిజాం గారి రోల్స్ రాయిస్ సింహాసనపు కారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తయారు చేయమని పురమాయించారు. కారు చేతికి రాకముందే, 1911 ఆగస్టులో కన్నుమూశారు. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్ కారు ఏడవ నిజాం కాలంలో సంస్థానానికి చేరింది. పసుపు రంగు బాడీ, వెనుక ఎత్తుగా అమర్చిన సింహాసనం వంటి ఆసనం దాని ప్రత్యేకత. దశాబ్దాల కాలంలో అది తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు దాన్ని చూడవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ వారు ఇంజన్, ఛాసిస్ మాత్రమే తయారు చేసి ఇచ్చేవారు. ఈ కారుకు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అంటే అసలు కారు అన్నదే రెండు చోట్ల పుట్టింది. ఛాసిస్ ఉండి పాత బాడీ పోతే, ఆ కారులో సగం చరిత్ర పోయినట్టే.

రెండవది ‘దక్కన్ క్వీన్’ బస్సు. మడికొండ వారికి పొరుగున ఉన్న కాజీపేట జంక్షన్ ఒకనాడు నిజాం రైల్వేది. ఆ రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ చేతుల్లోంచి స్వాధీనం చేసుకుంది. 1932 జూన్‌లో ఆ రైల్వే కిందనే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1951లో అది హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. మన బస్సుల నంబర్లలో ఉండే ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని పెద్దలు చెప్పుకునేవారు. ఆ తొలినాళ్ల బస్సుల్లో ఒకటి, స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో తయారైన 1932 నాటి ఆల్బియన్ బస్సు, ఆర్టీసీ దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది.

రాజుగారి కారు ఎక్కువగా నీడపట్టున ఉంది. బస్సు బతుకు అలాంటిది కాదు. రోజూ జనాన్ని మోసే బస్సుకు రేకులు తుప్పు పడతాయి, చెక్క చట్రం పుచ్చిపోతుంది, సీట్లు చిరుగుతాయి. వర్క్‌షాపులో మార్చక తప్పదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు దొరక్క, దేశంలో చాలా చోట్ల బస్సులకు వెనుక బొగ్గు గ్యాసు యంత్రాలు బిగించి నడిపారు. అలాంటి యంత్రం ఒకటి ఇవాళ ఒక పాత బస్సుకు కనిపిస్తే, ఫ్యాక్టరీలో పెట్టింది కాదని పీకి పారేయాలా? నా మటుకు నాకు పారేయకూడదనే అనిపిస్తుంది. బండి పనిచేసిన రోజుల్లో అవసరం కొద్దీ జరిగిన మార్పు దాని చరిత్రే. ప్రదర్శన కోసం నిన్న మొన్న చేసిన మార్పు వేరు.

ప్రపంచంలో ఏమంటున్నారు?

పాత వాహనాల సంఘాలన్నిటికీ కలిపి ‘ఫివా’ అనే అంతర్జాతీయ సమాఖ్య 1966 నుంచి ఉంది. వారు ట్యూరిన్ నగరం పేరుతో ఒక నియమావళి తయారు చేసుకున్నారు. కట్టడాల పరిరక్షణకు 1964లో వచ్చిన వెనిస్ నియమావళి దానికి ఆదర్శం. సారాంశం మూడు ముక్కల్లో చెప్పవచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం అన్నిటికంటే మేలు. తప్పనిసరైతేనే పునరుద్ధరణకు దిగాలి. కొత్తగా వేసిన భాగం కొత్తదని తెలిసేలా గుర్తు పెట్టి, చేసిన పనంతా రాసి ఉంచాలి.

ఈ మూడో నియమం అర్థం కావడానికి ట్యూరిన్ దాకా పోనక్కరలేదు. మడికొండ నుంచి హనుమకొండకు పోతే చాలు. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఎదుట ఉన్న కళ్యాణ మండపాన్ని పురావస్తు శాఖవారు 2006లో విప్పదీశారు. రాళ్లకు నంబర్లు వేశారు. పునాది మళ్లీ వేసి, ఏ రాయి ఎక్కడిదో అక్కడ పేర్చి, పనికిరానివాటి స్థానంలో కొత్త రాళ్లు చెక్కించి నిలబెట్టారు. 2024 మార్చిలో మండపం తిరిగి ప్రారంభమైంది. ఆ నంబర్లే లేకపోతే అది రాళ్ల గుట్టగానే మిగిలేది. బండి విషయంలోనూ అంతే. విప్పేటప్పుడు రాసుకోనిది బిగించేటప్పుడు గుర్తుండదు.

చట్టం ఏమంటుంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021 జూలైలో ఒక సవరణ వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, సొంతానికి వాడుకునే ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ‘వింటేజ్’ గుర్తింపు ఇస్తారు. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఇదివరకే రిజిస్టర్ అయిన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. సవరణ ప్రకారం కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, కాలపరిమితి 10 ఏళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీసుకుపోవచ్చు గానీ రోజువారీ తిరుగుడుకు, కిరాయికి పనికిరాదు.

అంటే అసలుతనం ఇప్పుడు ముచ్చట మాత్రమే కాదు, చట్టం అడిగే అర్హత కూడా. ఇవాళ మోజుకొద్దీ వేరే ఇంజన్ బిగిస్తే రేపు ఆ గుర్తింపు చేజారవచ్చు.

నా ఉద్యోగ కాలంలో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చులు వేల సంఖ్యలో చూశాను. ఫ్యాక్టరీలో కొట్టిన అంకెలు ఒకే వరుసలో, ఒకే లోతులో ఉంటాయి. ఒకసారి మెరిసిపోయే పాత కారు ఒకటి వచ్చింది. చూసినవారంతా ముచ్చటపడ్డారు. పెన్సిల్ అచ్చులో మాత్రం చివరి రెండు అంకెలు కొంచెం పక్కకు ఒరిగి ఉన్నాయి. తనిఖీ అధికారి రంగు గీకి చూస్తే, పాత నంబరు అరగదీసి వేరే నంబరు కొట్టినట్టు బయటపడింది. కొన్నవారు నిజాయితీపరులే; డబ్బు మాత్రం పోయింది. రంగు చూసి బండి కొనేవారు ఈ సంగతి మరువకూడదు.

మన ఇండ్లలోని బండ్లు

ఇదంతా నవాబుల కార్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. 1970లలో మనం అప్పు చేసి, వరుసలో నిలబడి కొన్న స్కూటర్లకే ఇప్పుడిప్పుడే యాభై ఏళ్లు నిండుతున్నాయి. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. హైదరాబాదు ఆల్విన్ పేరుతో ‘ఆల్విన్ పుష్పక్’ వచ్చింది. దాని మూలం లక్నోలోని స్కూటర్స్ ఇండియా వారి విజయ్ సూపర్. ఆ రెంటికీ మూలం ఇటలీ లాంబ్రెటా. పేరు పలక ఒక్కటి మార్చితే పుష్పక్ కాస్తా విజయ్ సూపర్ అయిపోతుంది. ఏది ఏదో చెప్పేది చివరకు పాత ఆర్.సి. పుస్తకమే.

మా వీధిలో నాతో పాటు రిటైరైన మిత్రుడొకరు కాలం చేశారు. ఆయన స్కూటరును పాత ఇనుముకు ఇద్దామని పెద్దకొడుకు, ముందు చక్రానికి డిస్కు బ్రేకు, కొత్త ఇంజన్ పెట్టిద్దామని చిన్నకొడుకు. తగవు తీర్చమని వాళ్లమ్మ నన్ను పిలిపించింది. కాలు పెట్టే చోట రంగు గుండ్రంగా అరిగిపోయి ఉంది. ముప్పై ఏళ్లు గ్యాసు సిలిండరు మోసిన గుర్తు అది. దాన్ని అలాగే ఉంచుదామన్నాను. ఆ ఇంజన్‌నే బాగు చేయించారు, తుప్పు కడిగించారు, వైర్లు మార్పించారు. తీసేసిన సామాన్లు గోనె సంచిలో కట్టి, ఏది ఎందుకు మార్చిందీ తేదీలతో పట్టిక రాసి ఇచ్చాను. స్కూటరు కదులుతోంది. ఆమె ఆ గుండ్రని మరకను రోజూ గుడ్డతో తుడుస్తుంది.

కనుక సభ్యులకు, వారి పిల్లలకు నా మనవి ఇది. పాత బండి అమ్మేముందు, రంగు వేయించేముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్.సి.తో సరిచూసుకోండి. కొన్ననాటి రసీదు, బీమా కాగితాలు పారేయకండి. తీసిన భాగాలు దాచండి, వేసినవి రాయండి. భాగాలు మారినంత మాత్రాన బండి అబద్ధం కాదు. మారిన సంగతి దాచినప్పుడే అవుతుంది. మనం ఉద్యోగమంతా ఫైలు నోటుతో నడిపినవాళ్లం. ఇంట్లో బండికి ఒక నోటు రాసి పెట్టడం మనకు కష్టమేమీ కాదు.

– విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, మడికొండ