పేరు వెనకున్న తూకం

1787లో పారిస్‌లో వెలువడిన ‘రసాయన నామకరణ పద్ధతి’ని నలుగురు కలిసి రాశారు: దిజోన్ న్యాయవాది గీటన్ ద మొర్వో, లావోయిజే, బెర్తొలే, ఫుర్‌క్రువా. అంతకుముందు రసాయనాలకు రంగును బట్టో, రుచిని బట్టో, దొరికిన ఊరిని బట్టో పేర్లుండేవి. విట్రియాల్ నూనె, సీసపు చక్కెర, ఎప్సమ్ లవణం అలాంటివే. మన అన్నభేది, మైలుతుత్తం, నవాసారం కూడా తమలో ఏమేమి ఉన్నాయో చెప్పవు. సీసపు చక్కెర అయితే తీపిని చెప్పి విషాన్ని దాచింది. కొత్త పద్ధతిలో పేరు వింటే కూర్పు తెలియాలి. గంధకామ్లం నుంచి వచ్చిన లవణం సల్ఫేటు, అంతకన్నా ఆక్సిజన్ తక్కువున్న ఆమ్లం నుంచి వచ్చినది సల్ఫైటు. ఈ రెండు ముగింపులనూ మన పిల్లలు నేటికీ బడిలో నేర్చుకుంటున్నారు.

ఈ ఘనతనంతా లావోయిజేకి కట్టబెట్టి ఊరుకుంటే అసలు కథ మరుగున పడుతుంది. కూర్పును బట్టి పేరు పెట్టాలంటే ముందు ఆ కూర్పు నిలకడగా ఉండాలి. ఇత్తడిలో జింకు పాలు ఎంత మారినా అది ఇత్తడే. అందుకే ఆ పేరు తూకం చెప్పలేదు. రాగి ఆక్సైడు, తగరపు ఆక్సైడు కూడా అలా మారేవే అయితే కొత్త పేర్లకు పునాదే ఉండదు. 1787 నాటికి రసాయనవేత్తలు ఆ నిలకడను నమ్మి పని చేసుకుపోయారే తప్ప ఎవరూ నిరూపించలేదు. దాన్ని గట్టిగా ప్రశ్నించినవాడు ఆ నలుగురిలో ఒకడైన బెర్తొలేయే. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లినప్పుడు ఆయన ఉప్పు సరస్సుల ఒడ్డున సోడా పేరుకోవడం చూశాడు. ఉప్పు, సున్నపురాయి కలిసి సోడా ఏర్పడుతోంది. ప్రయోగశాలలో చర్య జరిగేది దీనికి తలకిందులుగా. పదార్థాల మోతాదు చర్య దిశనే మార్చగలదని ఆయన గ్రహించాడు. అది గొప్ప సత్యం. అయితే, పుట్టే పదార్థపు కూర్పు కూడా మోతాదును బట్టి కొంచెం కొంచెంగా మారవచ్చని 1803 నాటి తన గ్రంథంలో వాదించాడు.

ఎదురు నిలిచినవాడు స్పెయిన్‌లో పనిచేస్తున్న ఫ్రెంచివాడు జోసెఫ్ ప్రూస్ట్. గనిలో దొరికిన రాగి కార్బొనేటు, తాను ప్రయోగశాలలో చేసినది ఒకే కూర్పుతో ఉన్నాయని 1799లో చూపాడు. తగరం రెండు ఆక్సైడులనే ఇస్తుందని, వాటి నడుమ మెట్లు లేవని అన్నాడు. నేటి లెక్కలో 100 పాళ్ల తగరంతో ఒకదానిలో 13.5 పాళ్లు, మరోదానిలో 27 పాళ్ల ఆక్సిజన్ ఉంటుంది. రెండోది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. ప్రూస్ట్ మాత్రం మొత్తం పదార్థంలో శాతాలుగా లెక్క కట్టేవాడు. అలా చూస్తే ఆక్సిజన్ 11.9, 21.2 అని వస్తుంది, రెట్టింపు కంటికి ఆనదు. ఇలాంటి సరళ నిష్పత్తులను చెప్పే బహ్వనుపాత నియమం ఆయన ముంగిట్లోనే ఉండి ఇంగ్లీషు శాస్త్రవేత్త డాల్టన్ చేతికి చిక్కడానికి ఇదొక కారణం.

ప్రూస్ట్ వాదం తన చుట్టూ తానే తిరుగుతోందన్నది బలమైన ఆక్షేపణ. ద్రావణాలను, మిశ్రమలోహాలను, గాజును బెర్తొలే ఉదాహరణలుగా చూపితే, అవి మిశ్రమాలంటూ ప్రూస్ట్ పక్కన పెట్టాడు. కూర్పు మారితే మిశ్రమం, మారకపోతే సంయోగ పదార్థం అని ముందే గీత గీసుకుంటే గెలుపు ఖాయమే కదా? ప్రూస్ట్ అక్కడితో ఆగి ఉంటే ఈ ఆక్షేపణకు జవాబు ఉండేది కాదు. ఆయన ఆగలేదు. బెర్తొలే చూపిన ‘నడిమి’ ఆక్సైడులను తీసుకుని, అవి రెండు ఆక్సైడుల కలగలుపులని, కొన్ని అసలు ఆక్సైడులే కావని, నీరు చేరిన హైడ్రేట్లని విశ్లేషించి చూపాడు. అంటే మిశ్రమమన్న మాటను ఆయన సాకుగా వాడలేదు, పరీక్షకు పెట్టాడు. చివరకు 1808లో డాల్టన్ పుస్తకం పరమాణువుల ద్వారా కారణం చెప్పింది: పరమాణువు సగం కాదు కనుక కూర్పు గెంతుతుంది, జారదు.

రెండో ఆక్షేపణ 20వ శతాబ్దానిది. వుస్టైట్ అనే ఇనుప ఆక్సైడులో ఆక్సిజన్ పరమాణువులు 100 ఉంటే ఇనుము 95 దాకా మాత్రమే ఉంటుంది, ఆ అంకె కూడా కాస్త మారుతుంది. ఇలాంటివాటికి రష్యన్ శాస్త్రవేత్త కుర్నకోవ్ బెర్తొలే పేరే పెట్టాడు. బెర్తొలేకి దక్కవలసిన మర్యాదే అది. అయితే ఇనుములోని ఆ లోటును మనం గుర్తించగలిగింది కూడా స్థిరమైన నిష్పత్తిని కొలబద్దగా పెట్టుకున్నందువల్లే. కొత్త పేర్ల పద్ధతి ఇలాంటి దెబ్బను అంతకుముందే ఒకసారి తట్టుకుంది. ఆక్సిజన్ లేనిదే ఆమ్లం లేదన్న లావోయిజే నమ్మకాన్ని, క్లోరిన్ మూలకమని 1810లో తేల్చి ఇంగ్లీషు రసాయనవేత్త డేవీ కూల్చాడు. అప్పుడూ పోయింది ఒక సిద్ధాంతమే. పేరు కూర్పును చెప్పాలన్న పద్ధతి నిలిచింది.

మన పాఠాల్లో మిశ్రమాలు ఒకచోట, కూర్పు మారదనే స్థిరానుపాత నియమం మరోచోట, సంయోగ పదార్థాల పేర్లు ఇంకోచోట వస్తాయి. పిల్లలు మూడింటినీ విడివిడిగా వల్లె వేస్తారు. రసాయన ఉపాధ్యాయులకు ఒక విన్నపం: పేర్ల పాఠం మొదలుపెట్టే రోజున తగరపు ఆక్సైడుల తూకాలు రెండూ బోర్డు మీద రాసి, వాటికి ఒకే పేరు ఎందుకు చాలదో పిల్లల చేతనే చెప్పించండి.