అబ్రాహాము అతిథులు: ఒక సిరా చిత్రము

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతపు సంఘస్థులమైన మనము ఆదివారము ఆరాధనకు పోవుచు దాటు పెద్ద రోడ్డు హయత్‌నగర్, విజయవాడల మీదుగా మచిలీపట్నము చేరును. గోల్కొండ సుల్తానుల కాలమందు కూడ రేవునకు బాట ఈ దిక్కుననే సాగెడిది. 1606 నాటికే ఆ రేవున హాలండు వర్తకులు వ్యాపారము సాగించుచుండిరి. చిత్రకారుడైన రెంబ్రాంట్ హాలండులో జన్మించినదియు ఆ యేడే.

అట్టి వర్తకుల ఓడలలో బట్టలు, సుగంధద్రవ్యములతోపాటు మన దేశపు చిన్న చిత్తరువులును ఆమ్‌స్టర్‌డాము చేరినవి. రెంబ్రాంట్ వాటిని చూచి ఇరువదికి పైగా నకళ్ళు గీసికొనెను. అందొకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నది. చెట్టు క్రింద నలుగురు ముస్లిం పెద్దలు నేలపై పరచిన తివాచీమీద కూర్చుండియున్నారు. గోధుమవన్నె సిరాతో కలపు గీతలు, నీరు కలిపిన సిరాతో కుంచె దిద్దిన నీడలు, అంతే. కాగితము సైతము తూర్పు దేశపుదే.

1656లో, తాను దివాలా తీసిన యేడే, ఆయన రాగిరేకుపై గీసి అచ్చువేసిన మరియొక చిత్రము కలదు. అది ఆదికాండము 18వ అధ్యాయములోని ఘట్టము. ఈ రెండింటి పోలికను పండితులు ఎన్నడో గుర్తించిరి. పాశ్చాత్య చిత్రకారులు పలువురు ఆ అతిథులకు బల్ల వేసి కూర్చుండబెట్టిరి. రెంబ్రాంట్ మాత్రము వారిని నేలమీదనే, మన పెద్దలు చాపపై కూర్చున్నట్లు, కూర్చుండబెట్టెను. ఇంటి యజమానుడు అబ్రాహాము ఒక మూల కూజా పట్టుకొని వంగియున్నాడు. శారా తలుపు చాటున వినుచున్నది. వాక్యమును ఇంత దగ్గరగా చదివిన చిత్రము అరుదని నా అభిప్రాయము. దానికి దారి చూపినది మన దేశపు చిత్తరువే. మన ఆలయములలో దేశీయ చిత్రములు తగవని వాదించు పెద్దలు దీనినొకసారి చూడవలెను. వారికి నచ్చిన క్యాలెండరు బొమ్మలకంటె ఇది మమ్రేకు దగ్గర.

వెనుక గోడయొద్ద విల్లు పట్టిన బాలుడొకడు కలడు. అతడు ఇష్మాయేలని చెప్పుదురు. ఆ అధ్యాయమున అతని పేరు లేదు; చిత్రకారుడే తెచ్చి నిలిపెను. ఇస్సాకును గూర్చిన వాగ్దానము వినబడుచుండగా బాలుడు వీపు త్రిప్పి అవతలికి గురిపెట్టుచున్నాడు. మలక్‌పేట, సైదాబాదులలోని మన ముస్లిం పొరుగువారికి పూర్వికుడు ఇష్మాయేలే. వారి పెద్దలు కూర్చున్న తీరునే రెంబ్రాంట్ దేవదూతలకిచ్చెను, వారి పూర్వికుని ఆ ఇంటి ఆవరణలోనే ఉంచెను.