నాలుగూ తెల్లగానే!

1965. ఇంగ్లండ్‌లో జన్యు శాస్త్రవేత్త బ్రయాన్ కాక్స్ ముందు ఈస్ట్ పెంచిన గాజు పళ్ళెం. కొన్ని గుంపులు తెల్లగా, కొన్ని ఎర్రగా ఉన్నాయి. ఈత కల్లు లొట్టిలో నురగ లేపే ఈస్ట్‌ల కుటుంబమే ఇది.

ఆయన ఈస్ట్‌లో అడినైన్ తయారు చేసే ఒక జన్యువు చెడింది. అందుకే కణంలో ఎర్రని రంగు పేరుకుంటుంది. ఆ లోపాన్ని కప్పిపుచ్చే మరో లక్షణం తోడైతే తెల్లబడుతుంది. దానికి కాక్స్ 'సై' అని పేరు పెట్టారు.

తెల్లదాన్ని ఎర్రదానితో కలిపారు. మెండెల్ లెక్కన నాలుగు సిద్ధబీజాల్లో రెండు తెలుపు, రెండు ఎరుపు రావాలి. నాలుగూ తెల్లగానే వచ్చాయి! అంటే ఆ లక్షణం క్రోమోజోముల మీద లేదు. మైటోకాండ్రియాలో వెతికారు, వైరస్‌లలో వెతికారు. ఎక్కడా చిక్కలేదు.

1994లో అమెరికాలో రీడ్ విక్నర్ ముడి విప్పారు. ఆయన చేతిలో ఉన్నది ఇలాంటిదే మరో లక్షణం, యూఆర్ఈ3. గ్వానిడిన్ అనే రసాయనం పెడితే అది పోతుంది. వైరసే అయితే పోయింది మళ్ళీ రాకూడదు. ఇది తనంతట తానే మళ్ళీ పుట్టింది! యూఆర్ఈ2 అనే ఈస్ట్ ప్రోటీన్‌ను కణంలో ఎక్కువగా తయారు చేయిస్తే ఇంకా తరచుగా పుట్టింది. పైగా ఈ లక్షణమున్న కణం, ఆ ప్రోటీన్ జన్యువు చెడిన కణంలాగే ప్రవర్తించింది. ప్రోటీన్ ఉంది, పని మాత్రం చేయడం లేదు. ఆకారం మారిపోయింది కాబట్టి! 'సై' కూడా ఇలాంటిదేనని, అక్కడ మారింది సప్35 ప్రోటీన్ అని విక్నర్ చెప్పారు. ఇంత గట్టి తర్కం జీవశాస్త్రంలో అరుదు.

మామూలుగా సప్35 ప్రోటీన్ల తయారీని ఆగాల్సిన చోట ఆపుతుంది. ఆకారం మారితే ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతుంది. తోడు చుక్క పాలన్నిటినీ పెరుగు చేసినట్టు, కొత్త సప్35ను కూడా తనలాగే మార్చేస్తుంది. ఆపేవాడు లేక, మధ్యలోనే ఆగిపోవాల్సిన చెడిన జన్యువు కూడా చివరిదాకా చదవబడుతుంది, గుంపు తెల్లబడుతుంది. హెచ్ఎస్‌పీ104 అనే మరో ప్రోటీన్ ఆ పోగులను ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలే మొగ్గలోకి, అంటే పిల్ల కణంలోకి చేరతాయి. డీఎన్ఏలో ఒక్క అక్షరం మారకుండానే తల్లి గుణం బిడ్డకు అందుతుంది.

ఇలా ప్రోటీన్ ఆకారం ద్వారా గుణం అందడం ప్రయోగశాల ఈస్ట్‌కు పట్టిన జబ్బేనని కొందరు వాదించారు. 2012లో సుసాన్ లిండ్‌క్విస్ట్ బృందం సుమారు 700 సహజ ఈస్ట్ రకాలను పరీక్షించింది. హెచ్ఎస్‌పీ104ను కొంతకాలం అణిచిపెడితే, పోగులు ముక్కలై పిల్ల కణాలకు అందక, దాదాపు మూడోవంతు రకాల్లో ఏదో ఒక లక్షణం మాయమైంది. వాటిలో చాలా లక్షణాలు ఈస్ట్‌కు మేలు చేసేవే.